మాట అందించే గొంతు

పారిస్, 14 అక్టోబరు 1961

ఒనొరిన్ అక్కా,

ముందు శుభవార్త విను. నాకు వేషం దొరికింది. సినిమాలో రెండు రోజుల అమ్మమ్మ వేషం కాదు, అసలు సిసలు నాటకం, మూడంకాలు. కాద్రాన్ థియేటర్ వాళ్ళు కబురు పెట్టారు. ఒక నోటరీ గారి విధవ, ఆవిడ ఇద్దరు కూతుళ్ళు, చచ్చిపోయిన మొగుడి వీలునామా. తెర లేచిన దగ్గర్నుంచి పడేదాకా నేను స్టేజీ దిగేది లేదు. యాభై ఎనిమిదేళ్ళ దాన్ని నమ్మి అంత వేషం చేతిలో పెట్టారంటే పారిస్ నన్నింకా పాతిపెట్టలేదన్నమాట.

దర్శకుడు రిషోమ్ అని ముప్పై నాలుగేళ్ళ కుర్రాడు. స్టేజీ అంచున కాళ్ళు వేలాడేసుకు కూచుని, పెద్దవాళ్ళతో మాట్లాడుతూ కూడా ఆపిల్ కొరుకుతుంటాడు. వచ్చీరాగానే ప్రాంప్టర్ గూటి మీద చెక్కలు పరిపించి మేకులు కొట్టించేశాడు. ఈ రోజుల్లో నటులకి మాట అందించే మనిషి అక్కర్లేదట. ఇరవయ్యారేళ్ళు ఆ గూట్లో కూచున్న అంబ్రువాజ్ ఏప్రిల్లో పోయాడని నీకు రాశాను కదా. స్టేజీ కింద ఆ గుంటలో మెడదాకా దిగి, పుస్తకం మీద చిన్న దీపం పెట్టుకుని, అతిమధురం బిళ్ళ చప్పరిస్తూ ఉండేవాడు. నేను తడబడబోతున్నానని నాకంటే ముందే ఆయనకి తెలిసేది.

నవ్వనంటే ఒకటి చెబుతాను. నిన్న రెండో అంకంలో ఒక చోట మాట అందలేదు. ఆగీ ఆగకముందే చెక్కల కింద నుంచి వినబడింది, "తాళంచెవి మీ నాన్న కోటులోనే ఉంది" అని. అదే నా మాట. ఆయన గొంతే. అతిమధురం వాసన కూడా వచ్చింది. మిగతావాళ్ళెవరికీ వినబడలేదు. నాకు భయం వెయ్యలేదక్కా, పోయినవాడు పోయినా పని మానలేదని ముచ్చటేసింది.

ఎప్పటిలాగే నా వేషం నకలు పంపుతున్నాను, నేర్చుకో.

నీ ఫిలో


ఆంతీబ్ కొండ, 22 అక్టోబరు 1961

ఒసే ఫిలో,

పారిస్ అంతా నిన్ను జిసేల్ వోబ్రాన్ అంటుంది, అననీ. నాకు మాత్రం అమ్మ పెట్టిన ఫిలొమేన్‌వే. వేషం దొరికినందుకు సంతోషం. దయ్యం సంగతి మాత్రం నా దగ్గర చెప్పకు. చచ్చినవాళ్ళకి వాళ్ళ పనులుంటాయి, నీ మాటలు మోసుకుంటూ కూచోరు. ఆ థియేటర్లో కొళాయి కారుతోందేమో చూడమను.

నా మోకాళ్ళు నువ్వు అడగలేదు గానీ బాగాలేవు. కార్నేషన్లకి పక్క మొగ్గలు గిల్లే పని మొదలైంది. కాడకి ఒక్క మొగ్గ ఉంచి మిగతావన్నీ గిల్లేస్తుంటే వేళ్ళు నల్లబడిపోతున్నాయి. ఆ వరసల్లో నడుస్తూనే నీ నోటరీ విధవని వల్లిస్తున్నాను. మొదటి అంకం వచ్చేసింది. నువ్వు పదిహేడో ఏట ఇల్లు విడిచి ఆ ఊరూరు తిరిగే కంపెనీలో చేరినప్పుడు, నీ మొదటి వేషం రాసి పంపి "నువ్వూ నేర్చుకో అక్కా, నేను ఒక్కదాన్నే ఉన్నట్టుండదు" అన్నావు. అప్పట్నుంచి ముప్పై ఒక్క వేషాలు ఈ పూలకి వినిపించాను. రాణి దగ్గర్నుంచి బట్టలుతికే మనిషి దాకా అన్నీ నేనే. అవతలి గట్టు మీద పనిచేసే తొనాన్, నాకు పిచ్చి అని వాళ్ళావిడతో అంటాడట. అననీ.

ఒక్క మాట. నకళ్ళు రెండొచ్చాయే. మంగళవారం ఒకటి, శుక్రవారం ఒకటి. రెండింట్లోనూ ఉత్తరం అదే, తేదీ అదే, పొల్లు పోకుండా. పోస్టు వాళ్ళ మీద అంత అపనమ్మకమైతే ఒకటి రిజిస్టరు చెయ్యరాదూ.

మీ అక్క ఒనొరిన్


పారిస్, 9 నవంబరు 1961

అక్కా,

రెండు పంపానా? పనిమనిషి పంపి ఉంటుంది. వదిలెయ్.

సమాధుల పండక్కి అంబ్రువాజ్ దగ్గరికి చామంతి కుండీ పట్టుకెళ్ళాను. ఆయనకెవరూ లేరు, రాయి మీద ఆకులు పడి ఉన్నాయి. ఊడ్చాను. నువ్వు కొళాయి అన్నావు గానీ ఆయన రోజూ వస్తున్నాడు. మొదట్లో వారానికోసారి. ఇప్పుడు పూటకి నాలుగైదు సార్లు. నేను నోరు తెరిస్తే చాలు, మాట సిద్ధంగా ఉంటోంది. ఒక్క మంగళవారం మాత్రం తప్పు చేశాడు. ఈ నాటకంలో మాట కాకుండా, నేను పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిదిలో వేసిన నాటకంలో మాట అందించాడు. నేనూ అనేశాను. నా కూతురు వేషం వేసే పిల్ల గుడ్లప్పగించి చూసింది. రిషోమ్ ఆపిల్ నమలడం ఆపి, కాసేపు నా వంక చూసి, కానివ్వండన్నాడు. పాపం అంబ్రువాజ్‌కి డెబ్బై దాటాయి, పొరపాట్లు రావా.

మధ్యలో రెండు రోజులు సినిమా షూటింగుకి వెళ్ళొచ్చాను. అక్కడ హాయి. ఒక్కో వాక్యం చెప్పించుకుని, దీపాలార్పి, మళ్ళీ ఇంకో వాక్యం. ఒకప్పుడు బిస్కెట్ల డబ్బాల మీద నా మొహం ఉండేదంటే అక్కడ కెమెరా కుర్రాడు నమ్మలేదు. పద్నాలుగు సినిమాల్లో నాయికనిరా నాయనా అన్నాను. ఓహో అలాగా అన్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. డిసెంబరు నాలుగున బార్బ్ మాతల్లి పండుగ, ఆ తల్లి పేరే అమ్మకి పెట్టారు కనక అమ్మ పేరింటి రోజు. ఆ రోజే మేం వేషాలు కట్టుకుని మొదటిసారి రిహార్సల్ చేస్తాం. మన తోటవి తెల్లవీ ఎర్రవీ కలిపి ఒక బుట్ట కార్నేషన్లు నా గదికి పంపు, పేరు కింద గీత కూడా గీశాను చూడు. ఆ లవంగం వాసన పీలిస్తే మన ఇంట్లో ఉన్నట్టుంటుంది. తప్పకుండా పంపు.

నీ ఫిలో


ఆంతీబ్ కొండ, 18 నవంబరు 1961

ఫిలో,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కార్నేషన్లా? నీకా? థియేటరుకా?

ఇరవై తొమ్మిదిలో తులోన్‌లో ఏం జరిగిందో మర్చిపోయావా? నీకు మొదటిసారి పెద్ద వేషం వచ్చిందని, నేనే బుట్టడు కోసి, చీటీ పెట్టకుండా రైలెక్కించాను. నువ్వు ఆ బుట్ట చూసి కుప్పకూలిపోయావు. థియేటర్ పెద్దలు ఒప్పందం కొనసాగించే నటికి గులాబీలు పంపుతారని, కార్నేషన్లు పంపారంటే ఇక వెళ్ళిరా అమ్మా అని అర్థమని నాకేం తెలుసు? వాచిపోయిన కళ్ళతో ఆ పూట స్టేజీ ఎక్కావట. తర్వాత నాకు రాసిన ఉత్తరం ఇంకా ఉంది. "నన్ను చంపాలనుంటే కత్తి పంపు, కార్నేషన్లు పంపకు" అన్నావు. కార్నేషన్లు పండించే ఇంట్లో పుట్టి కార్నేషన్ అంటే వణికిపోయే మనిషివి నువ్వొక్కదానివే. ముప్పై రెండేళ్ళుగా బండ్ల కొద్దీ కోసి ఊళ్ళన్నిటికీ పంపాను గానీ నీకు ఒక్క కాడ పంపలేదు.

అయినా పేరు కింద గీత గీసి మరీ అడిగావు. వయసొచ్చాక పిచ్చి నమ్మకాలు పోయాయేమోలే అనుకుంటున్నాను. మంచిదే. నాలుగో తేదీ పొద్దునకి చేరేలా రైల్లో వేయిస్తాను. అమ్మ పేరు మీద పళ్ళెంలో గోధుమలు మొలకలకి చల్లడం నువ్వూ మర్చిపోకు.

రెండో అంకం కూడా వచ్చేసింది. ఆ విధవది నోరు కాదే తల్లీ.

మీ అక్క


పారిస్, 5 డిసెంబరు 1961

అక్కా,

నా పని అయిపోయింది. రిషోమ్ నన్ను తీసేశాడు.

మొహం మీద చెప్పే ధైర్యం లేక కార్నేషన్లు పంపాడు. నిన్న వేషం కట్టుకుని గదిలోకి వెళితే అద్దం ముందు బుట్ట. తెల్లవీ ఎర్రవీ. చీటీ లేదు, పేరు లేదు. నా దుస్తులు చూసే పోలెట్ బుట్ట మీద గుడ్డ కప్పబోయింది, అప్పటికే చూసేశాను. బుట్ట పట్టుకుని తిన్నగా స్టేజీ మీదకెళ్ళి అందరి ముందూ వాడి మొహాన కొట్టాను. పిరికిపంద అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను, అవి నీకు రాయలేను. వాడు నెత్తి మీద నుంచి పూరేకులు రాలుతుంటే అలాగే నిలబడి, "మదాం, ఇవి నేను పంపలేదు" అన్నాడు. ఇంకెవరు పంపుతారు? ఎవరికుంది నా మీద అంత కక్ష?

ఇక ఆ థియేటర్ గడప తొక్కను. నటుల సంఘానికి ఫిర్యాదు రాస్తున్నాను. పేపర్ల వాళ్ళని పిలుస్తాను. ఈ వేషం పోతే నాకు ఇంకో వేషం రాదు, ఆ సంగతి వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

ఫిలో


ఆంతీబ్ కొండ, 9 డిసెంబరు 1961

ఫిలో,

ఫిర్యాదు పంపావా? పంపకపోతే చింపెయ్. పేపర్ల వాళ్ళ జోలికి పోకు.

ఆ బుట్ట పంపింది నేను. ఆ అబ్బాయికేమీ తెలియదు. అమ్మ పేరింటి రోజు కదా, నీకు మన ఇంటి వాసన పంపుదామని బుద్ధి పుట్టింది. పాత సంగతి మర్చిపోయాను. ముసలిదాన్నయ్యాను, మతి తప్పుతోంది. తిట్టు నన్నే తిట్టు. కానీ ముందు వెళ్ళి ఆ అబ్బాయికి క్షమాపణ చెప్పు. అడుసు తొక్కింది నేనైనా కాలు కడుక్కోవాల్సింది నువ్వే. వేషం పోగొట్టుకోకు.

మూడో అంకం సగం వచ్చింది.

మీ అక్క


పారిస్, 13 డిసెంబరు 1961

ఒనొరిన్,

క్షమాపణ చెప్పాను. అతను నా చెయ్యి పట్టుకుని రిహార్సల్‌కి తీసుకెళ్ళాడు. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇప్పుడు నీ సంగతి. మతి తప్పిందట. నీకు మతి తప్పడమా? నా ముప్పై ఒక్క వేషాలూ కామాలతో సహా చెప్పగలవు నువ్వు. నువ్వు మర్చిపోయి పంపలేదు, తెలిసే పంపావు. నువ్వు అమ్మతో కొండ మీద ఉండిపోయావు, నేను బయటపడ్డాను. నలభై ఏళ్ళుగా నా మాటలు నువ్వు మట్టికి చెప్పుకుంటూ బతికావు, నేను మనుషులకి చెప్పాను. ఆ దుగ్ధ ఇన్నాళ్ళకి బయటపడింది.

నువ్వు చేసిన అసలు పాపం అది కూడా కాదు. ఆ పూలొచ్చిన రోజు నుంచి అంబ్రువాజ్ రావడం లేదు. గూటి మీద నిలబడి కాలితో తట్టాను. చెక్కల మధ్యన చెవి పెట్టి పిలిచాను. అందరూ చూస్తున్నా సిగ్గుపడలేదు. లోపల ఏమీ లేదు. నిన్న మొదటి అంకంలో మాట రాక నిలబడిపోయాను, ఎంతసేపో నాకే తెలియదు. ఆయన్ని నువ్వు తరిమేశావు. నాకిక ఉత్తరాలు రాయకు.

జిసేల్ వోబ్రాన్


ఆంతీబ్ కొండ, 17 డిసెంబరు 1961

ఫిలో,

వద్దన్నా రాస్తున్నాను. ఇందులో ఇంకో కాగితం మడిచి పెట్టాను. అది తియ్యి. కూచుని చదువు.

నవంబరు తొమ్మిదో తేదీ నువ్వు రాసిన ఉత్తరం అది. నీ అక్షరమే, నీ ఊదా సిరాయే. కార్నేషన్లు పంపమని నువ్వే అడిగావు. అనుమానమొచ్చి నేను అడిగాను కూడా.

ఇది నీకు చూపించకూడదనే అనుకున్నాను. తప్పు నేనే చేశానని నెత్తిన వేసుకుంటే అక్కడితో పోతుందనుకున్నాను. తిట్లు పడడం నాకు కొత్త కాదు, దుగ్ధ అన్నా పడేదాన్ని. నీకు మాట అందించేవాణ్ణి నేను తరిమేశానన్నావే, అది మాత్రం పడలేకపోయాను. పైగా ఇది కప్పిపుచ్చితే నువ్వు నడిస్టేజీ మీద పడిపోతావు, నేనిక్కడ పూలు కోసుకుంటూ ఉంటాను.

అక్టోబరులో ఒకే ఉత్తరం రెండుసార్లు వచ్చినప్పుడే నాకు సంగతి తట్టింది. పోస్టు మీద జోకు వేసి ఊరుకున్నాను. నాయనమ్మ చివరి రోజులు నీకు గుర్తుండే ఉంటుంది. ఆవిడ కూడా ఎవరో మాట అందిస్తున్నట్టు చెవి ఒగ్గి కూచునేది.

నా మీద కోపం ఉంచుకో, పరవాలేదు. నాకు మాత్రం నిజం రాయి.

మీ అక్క


పారిస్, 21 డిసెంబరు 1961

అక్కా,

చదివాను. నా అక్షరమే. రాసినట్టు గుర్తు లేదు.

నాకు తెలుసక్కా. వేసవి నుంచీ తెలుసు. నా చొక్కా చేతి లోపల చీటీలు కుట్టుకుంటున్నాను. ఒకదాని మీద నా ఇంటి చిరునామా ఉంది. ముప్పై ఏళ్ళుగా నడిచే దారి, మొన్న పట్టపగలు రొట్టెల కొట్టు ముందు నిలబడి, ఎటు తిరగాలో తెలియక కొట్టావిడ్ని వాతావరణం గురించి అడిగాను. ఆవిడ నా సినిమాలు చూసిన మనిషి. నన్ను మదాం వోబ్రాన్ అంది. ఆ పేరు పట్టుకుని ఇంటికొచ్చాను.

ఎవరికీ చెప్పకు. నాటకం జనవరి పన్నెండున మొదలవుతుంది, నలభై రెండు ఆటలు. టికెట్లన్నీ అమ్ముడవుతాయంటున్నారు. ఆ నలభై రెండూ నన్ను చెప్పనియ్యి. తర్వాత మూల కూచోమంటే కూచుంటాను. మధ్యలో ఆగిపోయి, జనం జాలిగా చూస్తుండగా ఎవరో చెయ్యి పట్టుకుని దింపడం నాకొద్దు. ఒక పెద్ద నటిని అలా దింపడం నేను ఒకసారి చూశాను. ఆవిడ పేరు కూడా తర్వాత ఎవరూ ఎత్తలేదు.

అంబ్రువాజ్ ఇంకా రాలేదు. నిన్ను అన్న మాటలన్నీ ఇక్కడ రాసి పెట్టుకున్నాను, మర్చిపోయి మళ్ళీ అనకుండా.

ఫిలో


ఆంతీబ్ కొండ, 28 డిసెంబరు 1961

ఫిలో,

చెప్పొద్దన్నావు, చెప్పాను. తిట్టుకో.

రిషోమ్‌కి నేనే ఉత్తరం రాశాను. మా చెల్లికి చిన్నప్పటి నుంచీ ఎడమ చెవి సరిగా వినపడదు, ఎదుటివాళ్ళ మాట అందక తడబడుతోంది, సిగ్గుపడి చెప్పుకోదు, గూడు తెరిపించి ఒక మనిషిని కూచోపెట్టండి, ఎవరూ దొరక్కపోతే దాని వేషమంతా నాకు వచ్చు అని. అబద్ధం నున్నగా కుదిరిందనుకున్నాను. జవాబు ఈ పొద్దున వచ్చింది, నాలుగే వాక్యాలు. "చెవి సంగతి బాగుంది, అందరికీ అదే చెబుదాం. నాకు నవంబరు నుంచీ తెలుసు. చెక్కలు తీయించేశాను. మీరు ఎప్పుడు వస్తారు?"

చూశావా, నువ్వు బుట్టతో కొట్టినవాడు.

ఈ పదిహేను రోజుల్లో ఇంకో ప్రాంప్టర్‌ని ఎక్కడ వెతుకుతారు? మూడంకాలూ నాకు నోటికొచ్చు. నీకు ఎక్కడ ఊపిరి ఆగుతుందో అది కూడా తెలుసు, ముప్పై ఒక్క వేషాల్నుంచి. మూడో తేదీ బయల్దేరుతున్నాను. పూలు కోతకొచ్చే రోజులే. మంచు పడకుండా సాయంత్రం గడ్డి చాపలు కప్పడం, పొద్దున తియ్యడం తొనాన్‌కి అప్పజెప్పాను. వాడి బద్ధకం తెలుసు. అయినా సరే.

స్టేషన్‌కి రాకు. నేనే వస్తాను.

మీ అక్క


ఆంతీబ్ కొండ, 12 మార్చి 1962

ఫిలో,

క్షేమంగా చేరాను. తొనాన్ ఫిబ్రవరిలో రెండు రాత్రులు చాపలు కప్పలేదు. కింది మూడు గట్లూ మంచు కాటుకి నల్లగా మాడిపోయాయి. వాణ్ణి తిట్టే ఓపిక లేక ఊరుకున్నాను. పై గట్టు మిగిలింది, చాలు.

రైల్లో కూచున్నంతసేపూ నా కళ్ళ ముందు నీ గౌను అంచే. రెండు నెలలు నేలమట్టం నుంచి నిన్ను చూశాను, పైకెత్తి చూస్తే మెడ పట్టేసేది. మొదటి ఆటలో తొమ్మిది మాటలు అందించాను. నెల తిరిగేసరికి వంద. చివరి ఆటలో నాటకమంతా నేను అరక్షణం ముందు చెబుతుంటే నువ్వు నా వెనకే చెప్పావు. ఎనిమిది వందల మంది కూచున్నారు, ఒక్కరికీ తెలియలేదు. మాట కోసం నువ్వు ఆగిన చోటల్లా పేపర్ల వాళ్ళు "వోబ్రాన్ మౌనం" అని ఆకాశానికెత్తారు. రిషోమ్ ఆ కత్తిరింపులు నాకిచ్చి, మీ పుణ్యమే అన్నాడు. నీ మౌనం నీదే, నాదేం లేదందులో.

ఒకటి అక్కడ ఉన్నప్పుడు నోరు రాక చెప్పలేదు. ఫిబ్రవరి ఇరవయ్యో తేదీ ఆట గుర్తుందా? మూడో అంకంలో నాకు దుమ్ముకి దగ్గు తెర కమ్ముకొచ్చింది. చేత్తో నోరు మూసుకుని, కళ్ళలో నీళ్ళు కారుతూ కూచున్నాను. నీకు మాట కావాలి, నా గొంతు పెగలలేదు. అంతా అయిపోయిందనుకున్నాను. నువ్వు మాత్రం గూటి వైపు తిరిగి, తల ఆడించి, మాట అనేశావు. దాని తర్వాత మాట కూడా. నేను అందించలేదే. నా భుజం పక్కనే ఎవరో ఊపిరి తీసుకున్నట్టయింది. లవంగం వాసన కాదు, మన పూల వాసన కాదు. ఏ వాసనో నీకు వేరే చెప్పక్కర్లేదు.

దయ్యాలు లేవని నేనెప్పుడూ అంటాను. ఇప్పుడు అనడం మానేశాను.

పోలెట్ నాకు మాటిచ్చినట్టు రోజూ పొద్దున ఇంటికి వస్తోందా? సూప్ వేడి చేసుకుని తాగు. పొయ్యి ఆర్పడం మర్చిపోకు.

మీ అక్క


పారిస్, 2 ఏప్రిల్ 1962

ఒనొరిన్ అక్కా,

నీ మీద నాకు చాలా కోపంగా ఉంది. శీతాకాలమంతా నాటకం ఆడింది. ఊరంతా వచ్చి చూసింది, ఇష్టం లేనివాళ్ళు కూడా వచ్చారు. నువ్వు ఒక్క ఆటకి రాలేదు. పూలు కోసుకోవాలి, మోకాళ్ళ నొప్పి, నీకు ఎప్పుడూ ఏదో ఒకటి. నేను స్టేజీ మీద ఎలా ఉంటానో ఒక్కసారైనా చూడాలని నీకనిపించలేదా? పోలెట్‌తో అదే అన్నాను. అది వింతగా నా వంక చూసి, మీ అక్క రెండు నెలలు ఈ ఇంట్లోనే ఉంది కదా మదాం అంటుంది. పాపం దానికి వయసు మీద పడుతోంది.

ఈ ఇంట్లో ఎవరో ఉండి వెళ్ళినట్టు మాత్రం ఉంది. ముఖం కడుక్కునే చోట కొమ్ము దువ్వెన ఒకటుంది, తెల్ల వెంట్రుకలున్నాయి దానికి. నాది కాదు. పారెయ్యాలంటే చెయ్యి రాలేదు. అక్కడే ఉంచాను.

నాటకం బాగా జరిగిందక్కా. అంబ్రువాజ్ తిరిగొచ్చాడు. నలభై రెండు ఆటలూ ఉన్నాడు, ఒక్క మాట తప్పలేదు. గొంతు మాత్రం మారింది, మన వైపు యాస వచ్చింది, చచ్చినవాళ్ళు ఎక్కడెక్కడ తిరుగుతారో. చివరి రోజు తెర పడ్డాక, ఎవరూ చూడకుండా మోకాళ్ళ మీద కూచుని గూట్లో చెయ్యి పెట్టాను. ఆయన పట్టుకున్నాడు. గరుకు చెయ్యి, వేళ్ళు పగిలి ఉన్నాయి. వెచ్చగా ఉంది. చాలాసేపు వదల్లేదు. నేను ఏడ్చాను, ఎందుకో తెలియదు.

రిషోమ్ సోమవారం మధ్యాహ్నం వస్తానన్నాడు. అక్టోబరులో ఇంకో నాటకం గురించి అడగడానికే అయి ఉంటుంది. సరే అంటాను. అంబ్రువాజ్ ఉన్నాడుగా.

నువ్వెప్పుడూ రావు.

నీ ఫిలో


ఆంతీబ్ కొండ, 6 ఏప్రిల్ 1962

ఫిలో,

నీ కోపం న్యాయమే. రాకపోవడం నాదే తప్పు. ఇప్పుడు వస్తున్నాను.

ఈ కాగితం మడవకు. అద్దానికి అంటించు. పొద్దున లేవగానే చదువు, మధ్యాహ్నం మళ్ళీ చదువు. నీ వేషాలన్నిట్లో ఇదే చిన్నది, భయపడకు.

నీ పేరు ఫిలొమేన్. స్టేజీ మీద జిసేల్ వోబ్రాన్. ఎవరు ఏ పేరుతో పిలిచినా పలుకు, రెండూ నీవే.

నలభై రెండు ఆటలు చేశావు. ఒక్కసారీ ఆగలేదు. ఎవరూ చెయ్యి పట్టుకుని దింపలేదు. నీ అంతట నువ్వే దిగావు.

సోమవారం రిషోమ్ వస్తాడు. మంచివాడు. ఇంకో నాటకం చేస్తారా అని అడిగితే, "లేదు, ఇక నేను మా అక్క దగ్గరికి వెళ్ళిపోతున్నాను" అను. ఎందుకని అతను అడగడు. అడిగితే నవ్వు. నువ్వు నవ్వితే వాళ్ళకి అది చాలు.

మంగళవారం పోలెట్ నీ బట్టలు పెట్టెలో సర్దుతుంది. సర్దనీ. దువ్వెన కూడా పెట్టమను.

బుధవారం పదకొండు గంటలకి తలుపు తడతారు. బయట ఒక ముసలామె ఉంటుంది, నల్ల శాలువా, పొట్టిది, మెట్లెక్కి ఆయాసపడుతూ ఉంటుంది. ఎవరో నీకు తెలియకపోవచ్చు. పరవాలేదు. ఆవిడ పేరు ఒనొరిన్. నువ్వు తలుపు తీసి నిలబడితే మాట రాదు. కంగారుపడకు, ఆవిడ ఎంతసేపైనా గడపలో నిలబడగలదు.

అక్కడ నీ మాట "లోపలికి రా అక్కా".

ఒనొరిన్